క్లిప్పులకి సరైన వయసు: చూపించేది ఒకటి, వేయించేది ఒకటి

మీ పాపకి 8 ఏళ్ళు దాటాయి. పై ముందు పళ్ళు రెండింటి మధ్య సందుంది, వాటి పక్క పళ్ళు విసనకర్రలా బయటికి విచ్చుకున్నాయి. ఒక డెంటిస్టు ఇప్పుడే క్లిప్పులు మొదలుపెడదామన్నారు, ఇంకొకరు 12 దాకా ఆగమన్నారు, మీ అత్తగారేమో పెళ్ళీడుకి చూసుకోవచ్చులే అంటున్నారు. ఎవరి మాట వినాలి, అసలు సరైన వయసేది అన్నది మీ ప్రశ్న.

ఎత్తుపళ్ళు, వంకర పళ్ళు సరిచేయడమే పనిగా నాకు 20 ఏళ్ళు దాటాయి. వారానికి నాలుగుసార్లు వినే ప్రశ్న ఇది. "ఇన్నేళ్ళకి" అని ఒక అంకె చెప్పేస్తే మీకూ నాకూ హాయే, కానీ అది నిజం కాదు. చూపించాల్సిన వయసైతే కచ్చితంగా చెప్పగలను: 7. అమెరికా ఆర్థోడాంటిస్టుల (పళ్ళ వరస, దవడలు సరిచేసే డాక్టర్ల) సంఘం చెప్పే వయసూ అదే. వేయించాల్సిన వయసు మాత్రం ఆ నోట్లో ఏముందన్నదాన్ని బట్టి 8 కావచ్చు, 12 కావచ్చు, 20 కావచ్చు, 45 కూడా కావచ్చు. ఈ రెండూ ఒకటే అనుకోవడంతోనే సగం గందరగోళం మొదలవుతుంది. 7 ఏళ్ళకి చూపించండి అంటే 7 ఏళ్ళకి వేయించండి అని తల్లిదండ్రులు అనుకుంటారు. మా డాక్టర్లలోనూ కొందరు అలాగే అనుకుంటున్నట్టుంది, అది వేరే సంగతి.

7 ఎందుకంటే, ఆరో ఏట పాలపళ్ళన్నిటికీ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, మొదటి పెద్ద దవడపన్ను వస్తుంది. (ఏదీ ఊడలేదు కాబట్టి ఇదీ పాలపన్నే అనుకుని, పుచ్చినా పట్టించుకోని ఇళ్ళు చాలా ఉన్నాయి. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను.) 7 నాటికి కింది ముందు పళ్ళు, పైన ఒకటో రెండో మారతాయి. వెనక పళ్ళు ఎలా కలుస్తున్నాయి, ముందు పళ్ళు ఎలా కలుస్తున్నాయి, ఈ రెండూ కనిపిస్తే దవడల లెక్క చాలావరకు తెలిసిపోతుంది. అనుమానం ఉంటే పళ్ళన్నీ, రెండు దవడలూ ఒకేసారి కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీస్తాం. ఎముకలో ఇంకా రావాల్సిన పళ్ళన్నీ ఉన్నాయా, ఏదైనా తక్కువైందా, ఎక్కువైందా, అడ్డం తిరిగిందా అన్నది అందులో పడుతుంది. పదిమందిని చూస్తే ఎక్కువమందికి నేను చెప్పేది "ఏమీ వద్దు, ఏడాదికోసారి తీసుకురండి" అనే. ఆ మాట చెప్పించుకోవడానికి ఫీజు ఇచ్చామా అని కొందరి మొహం మాడుతుంది.

ఇక మీ పాప సందు. 8 నుంచి 11 మధ్య పై ముందు పళ్ళు ఇలా విడిపోయి ఉండటం చాలా మామూలు. మా పాఠాల్లో దీన్ని అగ్లీ డక్లింగ్ దశ అంటారు. పైన ఎముకలో కోరపళ్ళు ఇంకా కిందికి దిగలేదు. అవి పక్క పళ్ళ వేర్ల మీద ఒరిగి ఉంటాయి. వేరు కొన లోపలికి నెట్టుకుపోతే పన్ను పైకి కనిపించే భాగం బయటికి విచ్చుకుంటుంది. 11, 12 ఏళ్ళకి ఆ కోరపళ్ళు దిగుతూ ముందు పళ్ళని ఒకదాని దగ్గరికి ఒకటి తోస్తాయి. రెండు మిల్లీమీటర్ల లోపు సందు చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. ఈ దశలో క్లిప్పులేసి ఆ పళ్ళని బలవంతంగా నిలబెడితే, పక్క పళ్ళ వేర్లు సరిగ్గా దిగుతున్న కోరపన్నుకి అడ్డం వెళ్ళవచ్చు, వేరు అరిగే ప్రమాదం కూడా ఉంది. పై పెదవి లోపలి నరం లాంటి పొరని కోసేస్తే సందు పోతుందని కూడా కొందరు చెబుతారు. కోరపళ్ళు దిగకముందు దాని జోలికి పోకండి.

ఈ వయసులో అమ్మల్ని కంగారుపెట్టేవి ఇంకా ఉన్నాయి. కొత్త పళ్ళ అంచులు రంపంలా ఉంటాయి, నములుతూ ఉంటే అరుగుతాయి. పాలపళ్ళ పక్కన పసుపుగా కనిపిస్తాయి, ఆ రంగు వాటి సహజమైన రంగే. కింద పాలపన్ను ఊడకముందే దాని వెనక కొత్తది లేస్తుంది, రెండు వరసలు వచ్చేశాయని పరిగెత్తుకొస్తారు. పాలపన్ను ఊడగానే నాలుకే దాన్ని ముందుకి నెడుతుంది. రెండు మూడు నెలలైనా కదలకపోతే అప్పుడు ఆ పాలపన్ను తీయించండి, చాలు.

మీకు మొదలుపెడదామన్న డాక్టరు తప్పే చెప్పారని నేను అనను, నేను పాపని చూడలేదు. సందు కాక మరేదైనా కారణం ఉండి ఉండొచ్చు. ఆయన్ని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఇప్పుడు చేయకుండా మూడేళ్ళు ఆగితే మా పాపకి పోయేదేమిటి?" కారణం ఉంటే ఆయన వేలుపెట్టి చూపించగలరు. "అప్పుడు కష్టమవుతుందండీ", "చిన్నప్పుడైతే ఎముక మెత్తగా ఉంటుందండీ" లాంటి జవాబులొస్తే ఇంకొకరికి చూపించండి. బీడీఎస్ తర్వాత ఈ పని కోసమే మూడేళ్ళు ఎండీఎస్ చదివినవాళ్ళకి చూపిస్తే మేలు.

ఆగితే నిజంగానే పోయేవి కొన్ని ఉన్నాయి, వాటి దగ్గర ఒక్క ఏడాది కూడా లెక్కే.

పై పన్ను కింది పన్నుకి లోపలివైపు పడటం మొదటిది. ఒక్క పన్నే అలా పడితే 8, 9 ఏళ్ళకి తీసి పెట్టుకునే చిన్న ప్లేటుతో కొన్ని వారాల్లోనే బయటికొస్తుంది. వదిలేస్తే ఎదురుగా ఉన్న కింది పన్ను మీద రోజూ దెబ్బ పడి దాని చిగురు కిందికి జారిపోతుంది. రెండోది, పై దవడ ఇరుకై, నోరు మూసేటప్పుడు గడ్డం ఒక పక్కకి జారడం. పాపని అద్దం ముందు నిలబెట్టి నెమ్మదిగా నోరు మూయమనండి, గడ్డం మధ్యలోనే ఆగుతుందా, పక్కకి వెళుతుందా చూడండి. పక్కకి జారుతూ ఏళ్ళు గడిస్తే ఎముక కూడా అలాగే పెరుగుతుంది. అంగిలికి మధ్యలో ఒక అతుకు ఉంటుంది, పిల్లల్లో అది ఇంకా బిగుసుకోదు. స్క్రూ ఉన్న ఎక్స్‌పాండర్ అంటించి, ఇంట్లో చిన్న తాళంచెవితో తిప్పుతూ ఉంటే ఆ అతుకు దగ్గర తెరుచుకుంటుంది. ముందు పళ్ళ మధ్య ఉన్నట్టుండి సందు కనిపిస్తుంది, తల్లులు భయపడి ఫోన్ చేస్తారు, మేం సంతోషిస్తాం. 17, 18 దాటాక ఆ అతుకు గట్టిపడుతుంది. అప్పుడు ఎముకలోకి స్క్రూలు దింపాలి, కొందరికి ఆపరేషనే.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది కింది దవడ ముందుకొచ్చిన పిల్లలు. చాలామందిలో అసలు లోపం పై దవడ వెనకపడటంలో ఉంటుంది. దాన్ని ముందుకి లాగే ఫేస్ మాస్క్ అనే పరికరం ఉంది, నుదుటికి, గడ్డానికి ఆనించి రబ్బరు బ్యాండ్లతో లాగుతాం. సాయంత్రం బడి నుంచి వచ్చినప్పటి నుంచి పొద్దున దాకా, 12, 14 గంటలు పెట్టుకోవాలి. 10 ఏళ్ళలోపు బాగా పనిచేస్తుంది, ఆ తర్వాత దాని ఫలితం తగ్గిపోతూ ఉంటుంది. ఒకసారి 13 ఏళ్ళ అమ్మాయిని తీసుకొచ్చారు. ఏడో ఏటి నుంచే తెలుసట, కానీ "అది మేనత్త పోలిక" అని ఇంట్లో మురిసిపోయారు. పోలిక మాట నిజమే, ఈ లోపం వంశంలో బాగా నడుస్తుంది. అందుకే మేనత్తకి ఉంటే ఇంకా ముందుగా చూపించాలి. ఆ అమ్మాయికి నేను చెప్పగలిగిందల్లా పెరుగుదల ఆగేదాకా ఆగి, ఆపరేషన్ చేయించుకోమనే. ముందే వేసినా కొందరికి చివరికి ఆపరేషన్ తప్పదు, ఆ సంగతి దాచను. కానీ ముందే వచ్చి ఉంటే ఆ అమ్మాయికి అది తప్పిపోయే అవకాశమన్నా ఉండేది.

బొటనవేలు చీకే అలవాటు నాలుగేళ్ళకి చాలామందిలో పోతుంది. ముందు పళ్ళు మారే 6, 7 ఏళ్ళకి కూడా ఉంటే పై పళ్ళు ఎత్తుగా, కొరికితే కలవకుండా తయారవుతాయి. వేపనూనె, కారం రాయడం వల్ల పిల్లలు దుప్పటి కింద చీకడం నేర్చుకుంటారు తప్ప మానరు. నోరు తెరిచి నిద్రపోయే, గురక పెట్టే పిల్లలకి ముందు ఈఎన్‌టీ డాక్టరు కావాలి, తర్వాత నేను.

పాలపళ్ళ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పళ్ళు వంకరపోవడానికి నేను రోజూ చూసే కారణాల్లో ఇదొకటి. "పాలపన్నే కదా, ఎలాగూ ఊడేదే" అని ఐదేళ్ళ పిల్లాడికి పుచ్చిన దవడపన్ను పీకించేస్తారు. ఆ రెండో పాల దవడపన్ను 10, 12 ఏళ్ళ దాకా ఉండాల్సింది. కింద తయారవుతున్న పన్నుకి అది స్థలం కాపలా కాస్తుంటుంది. అది పోతే ఆరో ఏట వచ్చే పెద్ద పన్ను ముందుకి జరిగి ఆ చోటు ఆక్రమిస్తుంది. బస్సులో రుమాలు తీసేస్తే సీటు పోయినట్టే. ఐదేళ్ళ తర్వాత అసలు పన్ను వచ్చి నిలబడే చోటు లేక పక్కనుంచో లోపలనుంచో వస్తుంది. పన్ను తీయక తప్పనప్పుడు స్పేస్ మెయింటైనర్ అనే చిన్న తీగ పెట్టిస్తే సరిపోతుంది. దాని ఖర్చు రేపటి క్లిప్పుల ఖర్చులో చిన్న వంతు.

ఇక ఎత్తుపళ్ళు. కింది దవడ వెనకపడి పై పళ్ళు ముందుకి ఉన్న పిల్లల సంగతి. ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక ఎనిమిదిన్నరేళ్ళ అబ్బాయికి ఉత్సాహంగా మొదలుపెట్టాను. ప్లేటు, తర్వాత విరామం, తర్వాత క్లిప్పులు, మొత్తం అయ్యేసరికి వాడికి 14 దాటాయి. చివరి రెండేళ్ళు బ్రష్ చేయడం మానేశాడు, తీసేసరికి బ్రాకెట్ల (తీగ పట్టుకోడానికి పంటికి అంటించే చిన్న ముక్కల) చుట్టూ తెల్ల మచ్చలు, రెండు పళ్ళు పుచ్చి ఉన్నాయి. పళ్ళు వరసలో ఉన్నాయి, నిజమే. 11 ఏళ్ళకి మొదలుపెట్టినా అలాగే ఉండేవి.

ఇది నా ఒక్కడి అనుభవమే అయితే మీరు పట్టించుకోనక్కర్లేదు. అమెరికాలో నార్త్ కరోలినా, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాల్లోనూ, బ్రిటన్‌లోనూ ఎత్తుపళ్ళ పిల్లల్ని చీటీలేసినట్టు విడదీసి, కొందరికి 8, 9 ఏళ్ళకి, కొందరికి ఎదిగే వయసులో వైద్యం చేసి చూశారు. చివరికి పళ్ళు కలిసే తీరులో, దవడల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందుగా చేయించుకున్నవాళ్ళకి ఒక్క లాభమే తేలింది: పడిపోయినప్పుడు ముందు పళ్ళు విరగడం తగ్గింది. కాబట్టి పెదవులు మూతపడనంత ఎత్తుగా పళ్ళుండి, పిల్లాడు గోడలు దూకే రకమైతే ముందే చేయడానికి అది న్యాయమైన కారణం. తోటివాళ్ళ వెక్కిరింతలకి బడికి వెళ్ళనని ఏడుస్తున్నా నేను ఆలోచిస్తాను. లేకపోతే ఆగుతాను.

ఎప్పటిదాకా ఆగాలంటే, ఒళ్ళు ఎదిగే ఊపు వచ్చేదాకా. ట్విన్ బ్లాక్ లాంటి ప్లేట్లు (స్కాట్లాండులో విలియం క్లార్క్ 1977లో రూపొందించినవి) కింది దవడని ముందుకి పెట్టి ఉంచుతాయి. అవి పిల్లలు జరజరా పొడవు పెరిగే ఏడాదిన్నర కాలంలో బాగా పనిచేస్తాయి. ఆడపిల్లల్లో అది సుమారు 10 నుంచి 12, మగపిల్లల్లో 12 నుంచి 14. పుట్టినరోజు ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఒకే తరగతిలో ఒక పిల్ల ఎదిగిపోయి ఉంటుంది, పక్క పిల్ల ఇంకా మొదలే పెట్టదు. మేం పక్కనుంచి తీసే ఎక్స్‌రేలో మెడ ఎముకల ఆకారం చూసి తేలుస్తాం. మీరు ఇంట్లో ఆర్నెల్లకోసారి తలుపు మీద పెన్సిల్ గీత పెట్టండి. గీతల మధ్య దూరం ఒక్కసారిగా పెరిగినా, జూన్‌లో కుట్టించిన యూనిఫాం సంక్రాంతికి పొట్టిదైనా, అదే సమయం. ఆడపిల్లకి రజస్వల అయ్యేసరికి ఆ ఊపు శిఖరం చాలావరకు దాటిపోయి ఉంటుంది. మన ఇళ్ళలో "పెద్దమనిషి అయ్యాక చూద్దాం" అనే మాట ఈ ఒక్క విషయంలో సరిగ్గా తిరగబడుతుంది.

ఏ దవడ లోపమూ లేకుండా పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే, పాలపళ్ళన్నీ ఊడాక, 11 నుంచి 14 మధ్య ఒకే విడతలో చేయడం మంచిది. 18 నుంచి 24 నెలలు పడుతుంది, పళ్ళు తీయాల్సొస్తే ఇంకొంచెం. నెలకి పన్ను జరిగేది ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. తొందరపెడితే వేరు దెబ్బతింటుంది. డాక్టరు పుస్తకంలో లేని ఒక లెక్క కూడా చెబుతాను: ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో మొదలుపెట్టండి. ఇంటర్‌కి హాస్టల్లో వేశాక నాలుగైదు వారాలకోసారి రావడం జరగదు. ఔటింగ్ ఇచ్చినరోజు వస్తారు, అప్పటికి మూడు బ్రాకెట్లు ఊడి, తీగ బుగ్గలో గుచ్చుకుంటూ ఉంటుంది. రెండేళ్ళ పని నాలుగేళ్ళవుతుంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ ఊళ్ళ పిల్లలకైతే ఎనామిల్ (పంటి పై పొర) మీద బ్రాకెట్ పట్టు తక్కువ, ఊడటం మామూలే. వాళ్ళ విషయంలో ఇంకొంచెం వ్యవధి ఉంచుకోండి.

ఈ దశలో పళ్ళు తీయాలంటే పెద్దవాళ్ళు అడ్డం పడతారు, పై పన్ను తీస్తే చూపు పోతుందని. కంటి చూపు నరం వేరు, పంటి నరం వేరు, ఆ రెంటికీ సంబంధం లేదు. ఇంతకాలంలో పన్ను తీసినందువల్ల చూపు పోయినవాళ్ళు ఒక్కరు కూడా నా దగ్గరికి రాలేదు.

వయసు సరిగ్గా ఉన్నా నేను వెనక్కి పంపే పిల్లలు ఉన్నారు. బ్రష్ సరిగ్గా చేయనివాళ్ళకి క్లిప్పులు వేయను. రెండు నెలలు టైమిచ్చి, చిగుళ్ళ రక్తం ఆగాక రమ్మంటాను. పిల్లకి ఇష్టం లేకుండా అమ్మ బలవంతం మీద వేసినా ఫలితం అంతే. వేశాక జంతికలు, చెరుకు ముక్కలు, వేరుశనగ ఉండలు, ఆవకాయ టెంక బంద్. ఆవకాయ నూనెకి బ్రాకెట్ల మీది రబ్బరు రింగులు ఒక్క పూటలో పసుపెక్కుతాయి, అది కడిగితే పోదు, తర్వాతిసారి మార్చేదాకా అంతే.

పెద్దవాళ్ళ సంగతి మీరు అడగలేదు కానీ మీ అత్తగారి మాట ఉంది కాబట్టి చెబుతాను. పెళ్ళీడుకి చేయలేమా అంటే చేయగలం. పన్ను జరగడానికి వయసు అడ్డం కాదు, ఒక పక్క ఎముక కరిగి ఇంకో పక్క కొత్తది పోసుకోవడం అన్ని వయసుల్లోనూ జరుగుతుంది. 45 ఏళ్ళవాళ్ళకీ వేశాను. చిగుళ్ళ జబ్బు, షుగర్ అదుపులో ఉండాలి, ఎముకల బలానికి మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. దవడ మాత్రం ఇక పెరగదు, కాబట్టి దవడ లోపాలకి ఆపరేషనే గతి, అదీ పెరుగుదల పూర్తిగా ఆగాక: అమ్మాయిలకి 17, 18, అబ్బాయిలకి 20 దాటి. ముహూర్తం పెట్టుకున్నాక ఆరు నెలల్లో అయిపోవాలని వచ్చేవాళ్ళకి నేను ఏమీ చేయలేను. ఎంఎస్‌కి విదేశం వెళ్ళే ముందు మొదలుపెట్టేవాళ్ళూ అంతే, సగం పని మధ్యలో తీసుకునే డాక్టరు అక్కడ దొరకడం కష్టం, దొరికినా మళ్ళీ మొదటినుంచి డబ్బు కట్టాలి.

ఖర్చు: మామూలు స్టీలు క్లిప్పులు ఊరిని బట్టి 30 వేల నుంచి 60 వేల దాకా, పంటి రంగువి అంతకన్నా ఎక్కువ, అలైనర్లు (తీసి పెట్టుకునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు) లక్ష దాకా, ఆపైన కూడా అవుతాయి. అంత పెట్టలేకపోతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కింద చేస్తారు, సమయం పడుతుంది, పని బాగుంటుంది. ఏ వయసులో చేయించినా తర్వాత పళ్ళు మళ్ళీ వెనక్కి జరగకుండా రిటైనర్ పెట్టుకోవాలి, ఏళ్ళ తరబడి, కనీసం రాత్రిళ్ళు. పెళ్ళి భోజనాల్లో టిష్యూలో చుట్టి ఆకుతో పాటు పారేసినవాళ్ళు నాకు ఏడాదికి పదిమందన్నా వస్తారు.

మీ పాపకి ఇప్పుడు చేయాల్సింది ఇది. వెనక పళ్ళు, నోరు మూసే తీరు ఒకసారి ఆర్థోడాంటిస్టుకి చూపించండి. ఓపీజీ తీయించండి, ఎందుకంటే కొన్నిసార్లు ఆ సందుకి కారణం మధ్యలో అదనంగా ఇరుక్కున్న చిన్న పన్ను కావచ్చు. అదేమీ లేకపోతే ఇంటికెళ్ళిపోండి. 10 ఏళ్ళు నిండాక పై చిగురు మీద, పాల కోరపన్నుకి పైన వేలుతో నొక్కి చూస్తే లోపల ఉబ్బు తగలాలి. అది కొత్త కోరపన్ను. ఒక పక్క తగిలి రెండో పక్క తగలకపోతే వెంటనే రండి. కోరపన్ను అంగిలి వైపు దారి తప్పిందని తెలిస్తే, 10 నుంచి 13 మధ్య ఆ పాల కోరపన్ను తీసేయడంతోనే చాలామందిలో అది మళ్ళీ దారిలోకి వస్తుంది. 1988లో స్వీడన్‌లో ఎరిక్సన్, కురోల్ 46 కోరపళ్ళు గమనిస్తే 36 అలా సర్దుకున్నాయి. ఆ వయసు దాటిపోతే చిగురు కోసి, గొలుసు కట్టి కిందికి లాక్కురావాలి.

ఇప్పుడు తీసిన ఎక్స్‌రే పారేయకండి. 11 ఏళ్ళకి తీసేదాన్ని దాని పక్కన పెట్టి చూడాల్సి వస్తుంది.